ఆ పన్ను పీకించుకోకమ్మా

అమ్మకి,

నీ కూతురు రాస్తున్నది. ఇక్కడ నేను, నీ అల్లుడు, నీ మనవరాలు ముగ్గురం క్షేమం. ప్రతిసారీ చెయ్యి అలవాటుగా రాసేసే మాట ఇది. ఈసారి మాత్రం ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని రాశాను. మీరంతా అక్కడ క్షేమమని తలుస్తాను అని రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఎందుకు రాలేదో ఈ ఉత్తరం పూర్తయ్యేసరికి నీకే తెలుస్తుంది.

ఇది పోస్టులో రాలేదని కవరు చూడగానే కనిపెట్టి ఉంటావు. తెచ్చినావిడ నా పార్లరుకు నెలనెలా కనుబొమలు దిద్దించుకోవడానికి వచ్చే నర్సమ్మ. మీ ఊళ్ళో చెల్లెలి ఇంటికి వస్తుంటే చేతికిచ్చి పంపాను. మనిషి కొంచెం గట్టిగా మాట్లాడుతుంది. నీకు అదీ మంచిదే, ఒక్కసారికే వినపడుతుంది. ఆమెను కత్తిరింపుల బల్ల పక్కన కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఇవ్వు. నువ్వు ఉత్తరం చివరిదాకా చదివేవరకు ఆమె కదలదు. కదలొద్దని నేనే చెప్పాను.

ఫోను చేయొచ్చుగా అంటావు. నీకు ఫోనులో వినపడదు, నాకు అంత అరవడం రాదు. చివరికి ఫోను నీ కోడలి చేతికి వెళ్తుంది. నేను చెప్పింది ఆమె నీకు చెబుతుంది, నువ్వు చెప్పింది ఆమె నాకు చెబుతుంది. ఆ మధ్యలో నా జలుబు న్యుమోనియా అవుతుంది, నీ న్యుమోనియా జలుబు అవుతుంది. ఆమె మనసు వెన్నే గానీ, నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే కాగితం.

నీ ఉత్తరం శనివారం అందింది. ఎప్పటిలాగే బట్ట కత్తిరించే ముందు నువ్వు కొలతలు గీసుకునే గోధుమరంగు కాగితం మీద రాశావు. వెనక్కి తిప్పితే "నడుము నలభై రెండు, భుజం కొంచెం ఒంకర" అని ఎవరివో కొలతలు ఉన్నాయి. ఆ భుజం ఒంకర మనిషి ఎవరా అని నీ అల్లుడు ఇంకా ఆలోచిస్తున్నాడు. నువ్వు అడిగిన ఏడు ప్రశ్నల్లో ఆరు పెద్ద అక్షరాలతో వరసగా రాసి, ఏడోది మాత్రం మూలన, కాగితం అయిపోతున్నట్టు, చీమల అక్షరాలతో ఇరికించావు. "మెట్లెక్కుతుంటే ఎడమ దవడ లాగుతోంది. ఆగితే పోతోంది. గురువారం పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి వెనక పన్ను పీకేయమంటాను. ఏమంటావు?"

నేనేమంటానంటే, ఆ పన్ను పీకించుకోకు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క మాట కోసమే. కానీ ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే ముందు నేనొక తప్పు ఒప్పుకోవాలి. దానికి ధైర్యం కూడదీసుకునే లోపల, నువ్వడిగిన మిగతావాటికి జవాబులు రాసేస్తాను.

మడమల పగుళ్ళకు ఏం రాయాలని అడిగావు. ముందు కత్తెరతో గీకడం మానెయ్. నీ కోడలు చెప్పింది, బుకాయించకు. గుడ్డ కత్తిరించే చేయి మడమ మీదికెందుకు వెళ్ళిందమ్మా? గోరువెచ్చని నీళ్ళల్లో పది నిమిషాలు కాళ్ళు పెట్టుకో. మరిగే నీళ్ళు కాదు, గోరువెచ్చనివి. మెత్తటి గుడ్డతో అద్ది, ఇంకా తడి ఉండగానే పెట్రోలియం జెల్లీ పట్టించి నూలు మేజోళ్ళు వేసుకుని పడుకో. పదిరోజుల్లో మడమలు మాట వింటాయి. మేజోళ్ళు విప్పాక చీలమండ దగ్గర రబ్బరు గీత లోతుగా పడుతోందా, వేలితో నొక్కితే గుంట అలాగే ఉంటోందా, అది కూడా చూసి నర్సమ్మకి చెప్పు. అది మడమల సంగతి కాదు, వేరే సంగతి.

నీ ఎడమ చెంప కుడి చెంప కన్నా నల్లబడిందని, ఏదైనా పులిపిరో మచ్చో వచ్చిందేమోనని రాశావు. అది మచ్చ కాదు, ముప్ఫై ఏళ్ళుగా నీ కుట్టుమిషను ఆ కిటికీ పక్కనే ఉంది కదా, అదీ సంగతి. సాయంత్రం ఎండంతా అద్దంలోంచి నీ ఎడమ చెంప మీదే పడుతుంది. ఇక్కడ నా దగ్గరకు వచ్చే బస్సు డ్రైవరమ్మకీ అంతే, ఒక చెంప ఒక రంగు, రెండో చెంప ఇంకో రంగు. నర్సమ్మతో ఎండ క్రీము పంపాను. పొద్దున ముఖం కడుక్కోగానే రెండు వేళ్ళ నిండా తీసుకుని ముఖానికి, మెడకి, చేతుల పైభాగానికి రాసుకో. "ముసలిదానికి క్రీములేంటి, నవ్విపోతారు" అంటావని తెలుసు. నవ్వేవాళ్ళని నా దగ్గరకు పంపు, వాళ్ళకీ రాస్తాను. మిషనుని గోడవైపు తిప్పమని తమ్ముడితో చెప్పాను గానీ, నువ్వు తిప్పనిస్తేగా.

మనవరాలి మొటిమల గురించి అడిగావు. రోజుకి ఏడుసార్లు సబ్బుతో ముఖం రుద్దేది. పైగా ఒక్కో మొటిమ మీద పళ్ళ పేస్టు చుక్క పెట్టుకుని కాలేజీకి బయల్దేరింది ఒకరోజు. ఊరందరి చర్మాలు బాగుచేసే తల్లి ఇంట్లో ఉండగా పిల్ల పళ్ళ పేస్టు పూసుకోవడం ఏంటమ్మా, దీపం కింద చీకటంటే ఇదే. ఇప్పుడు రెండుసార్లే కడుగుతోంది, మెత్తటి సబ్బుతో, గోళ్ళు పెట్టకుండా. తగ్గాయి. తగ్గగానే నోరు లేచింది. ఈమధ్య ఇంట్లో ఉప్పు డబ్బా దాని అలమారలో, తాళం వేసి ఉంటోంది. నీ అల్లుడు కూర వండి, చిటికెడు ఉప్పు కోసం కూతురి గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. అది ఎందుకో కూడా చెబుతాను, ఆగు.

లిఫ్టు బాగయిందా అని ఎగతాళిగా అడిగావు. బాగయింది! ఊరందరి లిఫ్టులు బాగుచేసే నీ అల్లుడు నాలుగు నెలలు నాలుగో అంతస్తుకి మెట్లెక్కి వచ్చాడు. "అది వేరే కంపెనీ లిఫ్టు, నేను ముట్టుకుంటే నా ఉద్యోగం ఊడుతుంది" అనేవాడు. పోయిన నెల ఒక ఆదివారం పానాలు తీసుకుని లోపలికి దిగి, సాయంత్రానికి దాన్ని నడిపించాడు. ఉద్యోగం ఊడలేదు, పైగా ఆ కంపెనీ వాళ్ళు వచ్చి మెచ్చుకున్నారు. అంత తెగింపు ఎక్కడినుంచి వచ్చిందంటే, ఆ ఆదివారానికి రెండు రోజుల ముందు నన్ను నలుగురు కుర్చీలో కూర్చోబెట్టి నాలుగంతస్తులు మోశారు.

అదిగో, ధైర్యం రాకముందే నోరు జారింది. ఇక ఆగి లాభం లేదు.

"పోయిన ఉత్తరంలో నీ అక్షరాలు కుట్టు తప్పిన అంచులా ఉన్నాయేం?" అని అడిగావు. ఎవరు కనిపెట్టకపోయినా నువ్వు కనిపెడతావని అప్పుడే అనుకున్నాను. అమ్మా, ఆ ఉత్తరం ఆసుపత్రి మంచం మీద రాశాను. కుడి మణికట్టుకి కట్టు ఉంది, అందుకే అంచు ఒంకర పోయింది. "పార్లరుకు రంగులు వేయిస్తున్నాం, పని ఎక్కువగా ఉంది" అని రాశాను. అబద్ధం. "మేమంతా క్షేమం" అని రాశాను. అది ఇంకా పెద్ద అబద్ధం. నాకు గుండెపోటు వచ్చింది. కూర్చునే చదువుతున్నావు కదా? ఇప్పుడు బాగున్నాను, పైన రాసిన క్షేమం నిఖార్సయినది, దాని మీద ఒట్టు. మిగతాది విను.

ఆరువారాల కిందటి సోమవారం. దానికి కొన్ని రోజుల ముందునుంచే మెట్లెక్కితే దవడ లాగేది. ఎడమ దవడే. ఆగితే పోయేది. లిఫ్టు లేదు కదా, అలసట అనుకున్నాను. ఆ పొద్దున పార్లరులో లెక్కల టీచరమ్మకి ఫేషియల్ చేస్తున్నాను. రెండు భుజాల మధ్య ఎవరో ఇస్త్రీపెట్టె ఆనించినట్టు బరువు. చెమట్లు. కడుపులో తిప్పుతోంది. గుండెనొప్పి అంటే ఛాతీ పట్టుకుని దబ్బున పడిపోవాలని కదా మనం అనుకునేది? నాకు ఛాతీలో ఏమీ లేదు. గ్యాస్ అనుకున్నాను. టీచరమ్మ ముఖం మీద చేతులు ఆగిపోయాయి.

నా దగ్గర జుట్టు పని చేసే దువ్వెనక్క గుర్తుంది కదా, కొప్పులో ఎప్పుడూ దువ్వెన గుచ్చుకుని తిరిగే ఆవిడ. నన్ను చూసి, "ముఖం ఏంటే అలా సున్నం కొట్టినట్టుంది? పద, ఆసుపత్రికి పద" అంది.

నేనేమన్నానో తెలుసా? "ఈ ముఖంతోనా?" అన్నాను.

అని, అద్దం ముందు కూర్చున్నాను.

నువ్వు నవ్వకు. తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? నాన్న పోయిన నెలకి నువ్వు కొట్టు తలుపులు మళ్ళీ తెరిచిన రోజు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. నాకు పదేళ్ళు. నువ్వు ఆ గుండ్రటి డబ్బాలోంచి పౌడరు తీసి, ఏడ్చి ఉబ్బిన ముఖం మీద నెమ్మదిగా అద్దుకున్నావు. "గడప దాటేముందు ముఖం సర్దుకోవాలే అద్దం. మన కష్టం ఊరికి కనిపించకూడదు" అన్నావు. ఎప్పుడూ అద్దం ముందే ఉంటానని నాకు నువ్వు పెట్టిన పేరు అది. ఆ ఒక్క మాట పట్టుకునే నేను ఈ పనిలోకి వచ్చాను. ఆ మాట తప్పని ఇప్పుడూ అనను. దానివల్లే మనం తిండి తిన్నాం. కానీ ఆ సోమవారం ఆ మాటే నా ప్రాణం మీదికి తెచ్చింది.

పన్నెండు నిమిషాలు మేకప్ వేసుకున్నానమ్మా. దువ్వెనక్క గడియారం చూసి మరీ చెప్పింది. చెమట అద్దేసి, ఫౌండేషన్ క్రీము పట్టించి, చెంపలకు గులాబీ రంగు వేసి, కంటి పక్క మచ్చలు కప్పి, పెదవులకు రంగు దిద్దాను. గోళ్ళకు ముందురోజే ముదురు ఎరుపు వేసుకుని ఉన్నాను. చెయ్యి వణుకుతున్నా గీత చెదరలేదు, అంత పనితనం. దువ్వెనక్క పక్కన నిలబడి నోటికొచ్చినన్ని తిట్లు తిట్టింది. కొన్ని తిట్లు నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

ఆసుపత్రిలో బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి నన్ను తలెత్తి చూసింది. ఎదురుగా కళకళలాడే ముఖం. "ఏంటమ్మా ప్రాబ్లెం?" అంది.

"కొంచెం దవడ లాగుతోందండి" అన్నాను, నవ్వుతూ.

"పళ్ళ విభాగం రెండో అంతస్తు. టోకెన్ తీసుకుని కూర్చోండి."

కూర్చున్నాను! టోకెను నలభై ఏడు. లోపల ముప్ఫై ఒకటో నంబరు నడుస్తోంది. దువ్వెనక్క "ఈమెకు చాలా బాగోలేదండీ" అని అందరికీ చెబుతోంది, అందరూ నా ముఖం చూసి ఆమెను వింతగా చూస్తున్నారు. పక్కన కూర్చున్నావిడ వంగి, "ఏమీ అనుకోకండి, మీ లిప్‌స్టిక్ షేడు ఏంటి?" అని అడిగింది. ఊపిరి ఆడట్లేదు, అయినా షేడు నంబరు చెప్పాను. పనిమీద అంత భక్తి మరి. పైన పటారం లోన లొటారం అని నువ్వు అనేదానివి చూడు, ఆ బెంచీ మీద కూర్చున్న దానికన్నా పెద్ద పటారం ఆ రోజు ఆ భవనంలో లేదు.

అప్పుడు ఈ నర్సమ్మ అటుగా వెళ్తూ నన్ను చూసి ఆగింది. "నువ్వా! ఎవరికి బాగోలేదు?" అని నవ్వుతూ నా చెయ్యి పట్టుకుంది. అంతే, నవ్వు ఆగిపోయింది. చెయ్యి తిప్పి చూసింది, మళ్ళీ పట్టుకుంది. "నెలనెలా నా ముఖం మీద తిరిగే చెయ్యి ఇది. ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. ఇదేంటి, చేపలా ఇంత చల్లగా, తడిగా?" అంది. నా ముఖం ఎవరికీ చెప్పని నిజం నా చెయ్యి ఆమెకు చెప్పింది.

"దీని ముఖం తుడవండి" అంది. దువ్వెనక్క సంచిలో దూది, క్లెన్సింగ్ మిల్కు ఎప్పుడూ ఉంటాయి. ఇద్దరూ కలిసి టోకెన్ల బెంచీ మీదే నా ముఖం గబగబా తుడిచేశారు. గులాబీ రంగు కింద బూడిద రంగు. పెదవుల ఎరుపు కింద కూడా బూడిదే. లిప్‌స్టిక్ షేడు అడిగినావిడ "అయ్యో అయ్యో" అని లేచి నిలబడింది. నర్సమ్మ వేసిన కేకకు రెండో అంతస్తంతా కదిలింది. నీకు వినపడే ఉండాలి.

లోపల నా వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టారు. అది ఏ అంకెనీ సరిగ్గా చూపించదు. గోళ్ళ రంగు అడ్డం. ఒకపక్క ఛాతీ మీద తీగలు అతికిస్తుంటే ఇంకోపక్క దువ్వెనక్క నా గోళ్ళ రంగు చెరుపుతోంది. గదంతా రిమూవర్ వాసన. డాక్టరమ్మ లోపలికి వచ్చి, "ఇది ఎమర్జెన్సీయా, బ్యూటీ పార్లరా?" అంది. మణికట్టులోంచి సన్నటి తీగ పంపి, మూసుకుపోయిన రక్తనాళంలో స్ప్రింగు లాంటిది పెట్టారు. మర్నాడు డాక్టరమ్మ నా మంచం పక్కన కూర్చుంది. "ముఖం చూసి రోగం పట్టడం మా పనమ్మా. మీరు మా పనిని చాలా అందంగా పాడుచేశారు. ఇంకో అరగంట ఆ బెంచీ మీద కూర్చుని ఉంటే నేను మీతో ఇలా మాట్లాడేదాన్ని కాదు" అంది.

అప్పుడు భయం వేసిందమ్మా. నొప్పి వచ్చినప్పుడు కాదు, ఆ మాట విన్నాక. నువ్వు గుర్తొచ్చావు. అయినా నీకు చెప్పలేదు. ఇదిగో, ఇదే నా తప్పు. నీకు తెలిస్తే తట్టుకోలేవని ఆయనతో, పిల్లతో అన్నాను గానీ, అసలు కారణం అది కాదు. గడప దాటిన ఉత్తరానికి కూడా పౌడరు అద్ది పంపడం నాకు అలవాటైపోయింది. నన్ను క్షమించు.

ఇక మిగిలినవి రెండు ప్రశ్నలు, రెంటికీ జవాబు ఒకటే. కంటి పక్క పసుపు మచ్చలకు క్రీము పంపమన్నావు. అమ్మమ్మకి ఉండేవి, నీకున్నాయి, నాకున్నాయి. "మన ఇంటి ముద్ర, అదృష్టం" అని అమ్మమ్మ మురిసిపోయేది. నేను పదేళ్ళుగా వాటిని కప్పుకుంటూ వచ్చాను, నా దగ్గరకు వచ్చే ఆడవాళ్ళకీ కప్పాను. డాక్టరమ్మ నా కంటి పక్క వేలు పెట్టి, "ఇవి ఎన్నాళ్ళనుంచి ఉన్నాయి? ఇంట్లో ఇంకెవరికి ఉన్నాయి?" అని అడిగింది. అందరికీ కాకపోయినా చాలామందికి అవి రక్తంలో కొవ్వు పెరిగిందని చర్మం రాసే చీటీ అట. చదవడం రాక మనం దాన్ని ముద్ర అనుకున్నాం. దానికి నా దగ్గర క్రీము లేదమ్మా. రక్తపరీక్ష ఉంది, మందుబిళ్ళ ఉంది.

ఇక దవడ. నా పన్ను ఒక్కటీ పుచ్చలేదు, అయినా నా దవడ లాగింది. మెట్లెక్కితే వచ్చి, ఆగితే పోయే నొప్పి పంటిది కాదు. పన్ను మెట్లు లెక్కపెట్టదు కదా. ఆడవాళ్ళకు గుండె చాలాసార్లు ఇలాగే దొంగదారిన చెబుతుందట, దవడలో, వీపులో, ఒట్టి అలసటలో. అమ్మమ్మ చివరి నెలంతా చెంపకి గుడ్డ కట్టుకుని తిరిగింది, గుర్తుందా? పంటినొప్పి అని రెండు పళ్ళు పీకించుకుంది. నొప్పి పోలేదు. తర్వాత మనిషే పోయింది. గ్యాస్ అన్నారు, మనం నమ్మాం. పాపం ఆ రెండు పళ్ళు ఏ నేరమూ చేయలేదు. నీ వెనక పన్ను కూడా చేయలేదు.

నీ ఉత్తరం చదివిన పది నిమిషాలకే తమ్ముడికి ఫోను చేశాను. "అమ్మ డాక్టరు దగ్గరికి రాదక్కా. 'నాకేం, గుండ్రాయిలా ఉన్నాను' అంటుంది. మూడుసార్లు అడిగాను, నాలుగోసారి కత్తెర చూపించింది" అన్నాడు. మర్నాడు డాక్టరమ్మతోనూ మాట్లాడాను. రెండు రోజుల్లో చూపించి తీరాలంది. ఊరికే కూర్చున్నప్పుడు కూడా నొప్పి వస్తే ఒక్క నిమిషం ఆగకుండా ఎత్తుకుని పొమ్మంది. నేనే పరిగెత్తుకు వచ్చేదాన్ని, ఇంకో రెండు వారాలు దూరప్రయాణం చేయొద్దన్నారు. తాతకు దగ్గులు నేర్పడం లాంటిదే, నీకు నేను చెప్పడం. అయినా చెబుతున్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దు.

నా సంగతి చూడు. పొద్దున్నే నీ అల్లుడు, నేను అరగంట నడుస్తున్నాం. దారిలో కనిపించిన ప్రతి లిఫ్టు గురించీ ఆయన చెబుతాడు, నేను వింటాను, గుండెకు మంచిదని. డాక్టరమ్మ ఉప్పు తగ్గించమంది, అందుకే ఉప్పు పిల్ల చేతిలో ఉంది. పార్లరులో ఆవిరి పట్టే మిషను పక్కన బీపీ మిషను పెట్టాను. కుర్చీలో కూర్చున్నవాళ్ళకి ముందు బీపీ, తర్వాతే క్రీము. లెక్కల టీచరమ్మకి మొదటిరోజే ఎక్కువ చూపించింది, ఇప్పుడు మందు వేసుకుంటోంది, అంకెలు ఆవిడే ఒక పుస్తకంలో గీతలు గీసి రాసుకుంటోంది. అద్దం మీద దువ్వెనక్క ఒక కాగితం అతికించింది: "ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళకు ఇక్కడ మేకప్ వేయబడదు." అందరూ చదివి నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వడానికి ఉన్నాను కదా, అదే చాలు.

ఇప్పుడు కళ్ళజోడు పైకెత్తి ఎదురుగా చూడు. నర్సమ్మ కాఫీ తాగేసి, సంచిలోంచి బీపీ మిషను తీసి బల్ల మీద పెట్టి ఉంటుంది. చెయ్యి ఆమెకివ్వు. కింద తమ్ముడి వ్యాను ఆగి ఉంది. "డెలివరీ ఉంది" అని పొద్దున నీకు చెప్పి ఉంటాడు. ఆ డెలివరీ నువ్వే. పదకొండు గంటలకు గుండె డాక్టరు దగ్గర నీ పేరు రాయించాం. గురువారం నువ్వు రావట్లేదని పళ్ళ డాక్టరుకు చెప్పేశాం. నీ కోడలికి ఇదంతా ఆదివారం నుంచే తెలుసు. ఆమె రెండు రోజులు నోరు విప్పకుండా ఉందంటే విషయం ఎంత పెద్దదో నువ్వే అర్థం చేసుకో.

చదవడం అవ్వగానే నువ్వు ఏం చేస్తావో కూడా నాకు తెలుసు. లేచి, ట్రయల్ గదిలో అద్దం ముందుకెళ్ళి, అలమార పై అరలో చెయ్యి పెడతావు. పౌడరు డబ్బా అక్కడ లేదమ్మా. నీ కోడలు దాచేసింది. వెతక్కు. ఇన్నేళ్ళు నీ కష్టం ఊరికి కనిపించకుండా మమ్మల్ని పెంచావు, ఈ ఒక్కరోజు ఒక్క డాక్టరుకి కనిపించనివ్వు. చెమట పడితే పట్టనివ్వు, పాలిపోతే పాలిపోనివ్వు. ఉన్న ముఖంతో గడప దాటు. నాకు కావాల్సింది ఆ ముఖమే.

ఇట్లు,
ముఖం కడుక్కుని నీ కబురు కోసం కూర్చున్న
నీ కూతురు, అద్దం